డెలివరీ వేగం కోసం వరంగల్‌లో గోదాము లీజుకు తీసుకోవడం ఎలా

హైదరాబాద్ శివార్లలోని గోదాము నుంచి హనుమకొండకు రోడ్డు మార్గం సుమారు 145 కిలోమీటర్లు. డీసీఎం బండికి, అంటే మధ్యరకం సరుకు లారీకి, నాలుగు గంటల ప్రయాణం. అయినా సోమవారం ఉదయం ఇచ్చిన ఆర్డరు బుధవారం సాయంత్రానికో, గురువారానికో ఇంటికి చేరుతున్నదంటే ఆ ఆలస్యం రోడ్డు మీద జరిగింది కాదు. సరుకు తీసి, కట్టి, కొరియర్ బండి కోసం ఎదురుచూడడంలో కొన్ని గంటలు పోతాయి. కొరియర్ సంస్థ హబ్‌లో పిన్‌కోడ్ల వారీగా పార్సిళ్లను విడదీయడంలో మరికొన్ని పోతాయి. రాత్రి బండి వరంగల్ చేరిన తరువాత స్థానిక శాఖ తలుపులు తెరిచే దాకా ఇంకొన్ని పోతాయి. వరంగల్‌లో గోదాము తీసుకుంటే వీటిలో ఏవి తగ్గుతాయో, ఏవి తగ్గవో ముందే తేల్చుకున్న వ్యాపారికి మాత్రమే ఆ అద్దె గిట్టుబాటవుతుంది. కనుక ఈ పనిలో గోదాము వెతకడం మొదటి మెట్టు కాదు.

ముందు పిన్‌కోడ్లు, తరువాతే గోదాము

గత మూడు నెలల ఆర్డర్లను పిన్‌కోడ్‌లోని మొదటి మూడు అంకెల ప్రకారం విడదీయండి. 506తో మొదలయ్యేవి వరంగల్, హనుమకొండలతో పాటు జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి వైపువి. 505 కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి వైపుది. 504 మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వైపుది. 503 నిజామాబాద్, కామారెడ్డి వైపుది. 507 ఖమ్మం, కొత్తగూడెం వైపుది. వరంగల్‌లో గోదాము పెడితే ఉత్తర తెలంగాణ మొత్తం దగ్గరవుతుందన్న అభిప్రాయం వ్యాపారుల్లో బలంగా ఉంది గాని, ఈ పట్టిక ముందు పెట్టుకుంటే అది నిలవదు. కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి, నిజామాబాద్ దానికి చేరువలోనే ఉంది. వీటికి హైదరాబాద్ నుంచి నేరుగా పోయే బండే ముందుగా చేరుతుంది. వరంగల్ గోదాము వల్ల నిజంగా లాభపడేవి 506 పిన్‌కోడ్లు, ఆ తరువాత 505లో కరీంనగర్, హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్లు, కొంతవరకు 507లో ఖమ్మం. మీ ఆర్డర్లలో ఈ మూడింటి వాటా చిన్నదైతే ఇక్కడితో ఆగడమే మంచిది.

వాటా పెద్దదేనని తేలితే, ఒక్కో ఆర్డరు మీద పడే ఖర్చు లెక్క చూడాలి. ఉదాహరణకు రెండు వేల చదరపు అడుగుల గోదాము, చదరపు అడుగుకు నెలకు 15 రూపాయల అద్దె అనుకుందాం. అద్దె 30,000 రూపాయలు అవుతుంది. సరుకు తీసి కట్టే ఇద్దరు మనుషులు, రాత్రి కాపలా, కరెంటు, ఇంటర్నెట్, హైదరాబాద్ నుంచి సరుకు తెచ్చే బండి కిరాయి, హమాలీ ఖర్చు అన్నీ కలిపి ఇంకో 60,000 అనుకుంటే నెలకు 90,000 రూపాయలు. రోజుకు 150 ఆర్డర్లు పోతే నెలకు 4,500 ఆర్డర్లు, అంటే ఆర్డరుకు 20 రూపాయలు. రోజుకు 60 ఆర్డర్లే పోతే అదే ఖర్చు ఆర్డరుకు 50 రూపాయలు అవుతుంది. దూరపు జోన్ నుంచి స్థానిక జోన్‌కు మారినందువల్ల కొరియర్ ఛార్జీలో తగ్గే మొత్తం, ఆలస్యం వల్ల తిరిగి వచ్చే క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లు తగ్గితే మిగిలే మొత్తం, ఈ రెండూ కలిసి ఆ అంకెను దాటాలి. తొందరగా అందితే కొనేవారు పెరుగుతారన్న ఆశను ఈ లెక్కలో కలపకూడదు; అది తరువాత వస్తే లాభమే, రాకపోయినా అద్దె ఆగదు.

లీజు రాసుకునే ముందు మరొక పరీక్ష తప్పనిసరి. వరంగల్‌లో బుక్ చేసిన పార్సిల్ కరీంనగర్‌కు నేరుగా పోతున్నదా, లేక హైదరాబాద్ హబ్‌కు పోయి తిరిగి వస్తున్నదా అన్నది ట్రాకింగ్‌లో చూడాలి. రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 70 కిలోమీటర్లే అయినా కొన్ని సంస్థల పార్సిళ్లు రాజధాని చుట్టి వస్తాయి. మీరు వాడే కొరియర్ అలా తిప్పుతున్నట్లయితే వరంగల్ గోదాము కరీంనగర్ వినియోగదారుడికి ఒక్క గంట కూడా మిగల్చదు. మరో కొరియర్‌ను వెతుక్కోవచ్చు, లేదా స్పీడ్ పోస్ట్ ఎన్ని రోజుల్లో చేరుతున్నదో పోల్చి చూడవచ్చు, లేదా ఆర్టీసీ లాజిస్టిక్స్‌ను ఆశ్రయించవచ్చు. 2020లో మొదలైన ఆర్టీసీ పార్సిల్ సేవకు బస్సు పోయే ప్రతి పట్టణానికీ చేరగల సౌలభ్యం ఉంది. అయితే చాలా చోట్ల పార్సిల్ బస్టాండు దాకానే వస్తుంది, ఇంటికి చేర్చే మనిషిని మీరే పెట్టుకోవాలి. రోజుకు యాభైకి మించి పార్సిళ్లు ఒకే దారిలో పోతున్నప్పుడు సొంతంగా ఒక టాటా ఏస్ మాట్లాడుకోవడం ఈ అన్నింటికంటే చౌకగా తేలవచ్చు.

ఇతరుల సరుకును కూడా తమ గోదాములో ఉంచి ఆర్డరు లెక్కన ఛార్జీ తీసుకునే సంస్థ అందుబాటులో ఉంటే, ముందు రెండు మూడు నెలలు అక్కడ కొంత సరుకు ఉంచి చూడడం మేలు. ఆర్డరుకు ఎక్కువ పడినట్లు అనిపిస్తుంది గాని, సొంత లీజులోని లాక్-ఇన్ కాలంతో, అంటే మధ్యలో ఖాళీ చేయడానికి వీల్లేని కాలంతో పోలిస్తే అది చిన్న మొత్తమే.

చోటు ఎంచుకోవడం

సరుకు ఏ దారిలో వస్తుందో, ఏ దారిలో పోతుందో రెండూ కలిపి చూడాలి. హైదరాబాద్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే బండికి మడికొండ, కాజీపేట వైపు గోదాము అనుకూలం. ఊళ్లోకి రాకుండానే సరుకు దిగుతుంది. కాని అక్కడి నుంచి వరంగల్ పాత పట్టణానికో, నర్సంపేట వైపో పోయే డెలివరీ కుర్రవాడు కాజీపేట వంతెన రద్దీని, హనుమకొండ చౌరస్తాను దాటుకుని పోవాలి. కరీంనగర్ వైపు ఆర్డర్లు ఎక్కువ ఉంటే హసన్‌పర్తి వైపు, ములుగు, భూపాలపల్లి, పరకాల వైపు ఎక్కువ ఉంటే ములుగు రోడ్డు, గూడెప్పాడు వైపు, ఖమ్మం వైపు ఎక్కువ ఉంటే మామునూరు వైపు వెతకడం సబబు. ఊరి నడుమ ఉన్న గోదాము చూడడానికి సౌకర్యంగా కనిపిస్తుంది. డీసీఎం దాకా పరవాలేదు గాని అంతకంటే పెద్ద బండి పగలు ఊళ్లోకి రావచ్చో లేదో, వస్తే ఏ వేళల్లో రావచ్చో ట్రాఫిక్ పోలీసుల వద్ద తెలుసుకున్న తరువాతే దాన్ని పరిశీలించాలి.

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ చుట్టూ ఖాళీ గోదాములు తరచుగా దొరుకుతాయి, అద్దె కూడా తక్కువ చెబుతారు. ఆ తక్కువకు కారణం ఉంది. పత్తి వచ్చే చలికాలంలోనూ, మిర్చి వచ్చే ఎండాకాలపు నెలల్లోనూ మార్కెట్ దారుల్లో ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. సాయంత్రం ఐదింటికి రావలసిన కొరియర్ బండి ఏడింటికి వస్తుంది, దానితో ఆ రోజు పార్సిళ్లన్నీ మర్నాటికి పడతాయి. మిర్చి నిల్వ చేసిన గదిలో ఘాటు గోడలకూ నేలకూ పట్టి ఉంటుంది. సున్నం వేసినా అది వదలదు. బట్టలు, పుస్తకాలు, పసిపిల్లల సామాను అమ్మేవారు అలాంటి చోటు తీసుకోకపోవడమే క్షేమం. ధాన్యం గోదాముల్లో ఎలుకలు, పత్తి జిన్నింగ్ మిల్లుల పక్కన నిప్పు భయం వేరే చెప్పనవసరం లేదు.

నీళ్ల సంగతి దగ్గర మాత్రం ఎంత జాగ్రత్త తీసుకున్నా ఎక్కువ కాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజుల్లో హనుమకొండలో నయీంనగర్, వరంగల్‌లో హంటర్ రోడ్డు ప్రాంతాలు మునిగాయి. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులున్న ఈ నేలలో పల్లపు చోట్లకు కొదవ లేదు, ఆ పల్లాల్లో కట్టిన షెడ్లకూ కొదవ లేదు. యజమానిని అడిగితే "మా దగ్గరికి నీళ్లు ఎన్నడూ రాలే సార్" అంటాడు. అతని మాట కాదనకుండానే, ఎదురుగా ఉన్న చాయ్ కొట్టు దగ్గర ఆగి "అన్నా, మొన్నటి పెద్ద వానకు నీళ్లు ఎంతదాక వచ్చినయి?" అని అడగాలి. గోడల మీద మట్టి గీత, ఉప్పు దిగిన పెచ్చులు, షట్టరు అడుగున తుప్పు కూడా సమాధానం చెబుతాయి. రోడ్డు కంటే గోదాము నేల కనీసం రెండు అడుగులైనా ఎత్తులో లేనట్లయితే ఆ చోటును వదిలేయాలి. సాధ్యమైతే ఒక గట్టి వాన పడిన మర్నాడే వెళ్లి చూడండి.

ఎంత చోటు కావాలి

అడిగిన వారందరికీ దళారులు అయిదు వేల చదరపు అడుగులు చూపిస్తారు. ఆన్‌లైన్ చిల్లర వ్యాపారానికి అంత అవసరమో కాదో ఘనపు అడుగుల్లో లెక్క వేస్తేనే తెలుస్తుంది. పన్నెండు అంగుళాల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు ఉన్న పెట్టె సరిగ్గా అర ఘనపు అడుగు. రోజుకు 150 చొప్పున ఇరవై రోజుల సరుకు, అంటే మూడు వేల పెట్టెలు నిల్వ ఉంచాలంటే 1,500 ఘనపు అడుగులు కావాలి. మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, ఏడు అడుగుల ఎత్తున్న ర్యాక్‌లో 31.5 ఘనపు అడుగులు ఉన్నా, అరల మధ్య ఖాళీ, చేయి పెట్టి తీసే జాగా పోను అందులో సగమే నిండుతుంది. ఆ లెక్కన దాదాపు 95 ర్యాక్‌లు పడతాయి. అవి నేల మీద ఆక్రమించేది 430 చదరపు అడుగులు. వాటి మధ్య మూడేసి అడుగుల దారులు, అడ్డదారులు కలిపితే వెయ్యి చదరపు అడుగులు దాటవు. దించిన సరుకు లెక్కపెట్టే చోటు, ప్యాకింగ్ బల్లలు, కొరియర్ కోసం వేచి ఉండే పార్సిళ్ల చోటు, వెనక్కి వచ్చిన సరుకు చోటు, అట్టపెట్టెలు, టేపుల నిల్వ, ఇవన్నీ ఇంకో వెయ్యి. మొత్తం రెండు వేలు. వెనక్కి వచ్చిన సరుకుకు చోటు విడిగా కేటాయించని గోదాములో నెల తిరగకముందే అది దారుల్లోకి పొర్లుతుంది. క్యాష్ ఆన్ డెలివరీ మీద నడిచే వ్యాపారమైతే ఆ చోటు ప్యాకింగ్ చోటంత ఉండాలి.

దసరా, దీపావళి అమ్మకాలకు నిల్వ రెట్టింపవుతుంది. ఆ రెండు నెలల కోసం ఏడాదంతా పెద్ద గోదాముకు అద్దె కట్టనవసరం లేదు. పక్క షట్టరును ఆ నెలలకు మాత్రం ఇచ్చేలా యజమానితో ముందే రాసుకోవచ్చు.

కొలత విషయంలో ఒక మాట. అద్దె ఏ కొలతకు అన్నది మొదటే తేల్చాలి. గోడ లోపలి నుంచి గోడ లోపలికి కొలిచినది ఒకటైతే, గోడల మందం, వరండా, వాటాకొచ్చే ఆవరణ కలిపి చెప్పేది మరొకటి. టేపు పట్టుకుని స్వయంగా కొలవడానికి మొహమాటపడకూడదు. రేకుల షెడ్డు ఎత్తు నడి కొప్పు దగ్గర చెబుతారు. ర్యాక్‌లకు పనికివచ్చేది పక్క గోడ దగ్గరి ఎత్తు.

చూడడానికి వెళ్లినప్పుడు

మధ్యాహ్నం రెండింటికి వెళ్లాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో పైకప్పు కింద వేడి నిరోధక పొర లేని రేకుల షెడ్డు లోపల ప్యాకింగ్ టేపు జిగురు కరుగుతుంది, చాక్లెట్లు, సౌందర్య సాధనాలు చెడిపోతాయి, మనుషులు పనిచేయలేరు. గాలి లాగే టర్బో వెంటిలేటర్లు ఉన్నాయా, లేకపోతే ఎవరి ఖర్చుతో పెట్టాలి అన్నది అప్పుడే మాట్లాడాలి. తలుపులన్నీ మూయించి చీకట్లో నిలబడి పైకి చూస్తే రేకుల్లో చిల్లులు చుక్కల్లా కనిపిస్తాయి. వాటి లెక్క అద్దె బేరానికి పనికివస్తుంది.

సరుకు దించే అరుగు ఎత్తు పెద్ద లారీలకు సరిపోయేలా నాలుగు అడుగులు ఉంటే, రోజూ వచ్చే టాటా ఏస్‌కు, ట్రాలీ ఆటోకు అది ఎత్తైపోతుంది. మీ వద్దకు ఏ బండ్లు ఎక్కువ వస్తాయో దాన్నిబట్టి చూడాలి. రెండూ వచ్చేట్లయితే ఒక పక్క వాలు కట్టించమనాలి. డీసీఎం లోపలికి వచ్చి తిరగగలిగేంత ఆవరణ ఉండడం అవసరం. రోడ్డు మీద బండి నిలిపి దించుకోవడం మొదటి వారం బాగానే ఉంటుంది, తరువాత పక్కవారితో తగాదా మొదలవుతుంది.

ఆ ప్రాంతంలో హమాలీ సంఘం ఉన్నదా, ఉంటే దించడానికి పెట్టెకు ఎంత, బస్తాకు ఎంత అన్నది సంఘం పెద్దతో ముందే మాట్లాడుకోవాలి. మార్కెట్ దగ్గరి అడ్డాల్లో రేట్లు బస్తాల లెక్కన ఉంటాయి. చిన్న చిన్న అట్టపెట్టెలకు అదే రేటు వర్తింపజేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మన మనుషులతోనే దించుకుంటామని పట్టుబట్టడం కంటే, టన్నుకో బండికో ఒక మొత్తం ఖరారు చేసుకోవడం ఇక్కడ సాఫీగా నడిచే పద్ధతి.

కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఉన్నదో బిల్లు తీసుకుని చూడాలి. ఒకప్పుడు మిల్లుగా నడిచిన ఆవరణలో పారిశ్రామిక కనెక్షన్ ఉండవచ్చు. వ్యాపార నిల్వకు వాడుతూ దాన్నే కొనసాగిస్తే ఉత్తర డిస్కం (ఈ ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ) తనిఖీలో బకాయి మీ మెడకు చుట్టుకుంటుంది. కేటగిరీ మార్పు, పాత బకాయిల చెల్లింపు యజమాని బాధ్యత అని రాయించుకోండి.

యజమాని కాగితాలు

అద్దెకే కదా, పత్రాలు చూడడం ఎందుకని అనుకునేవారే ఎక్కువ. ఊరి బయటి గోదాముల విషయంలో ఆ నిర్లక్ష్యం పనికిరాదు. మొదట ఆ భూమి వ్యవసాయేతర వినియోగానికి, అంటే నాలా కింద, మారిందో లేదో భూ భారతి రికార్డుల్లో చూడాలి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన పోర్టల్ ఇదే. ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డ్ భూమి అయితే 1977 నాటి చట్టం ప్రకారం దాని బదిలీ నిషిద్ధం, లీజు కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. అటువంటి చోట ఎంత మంచి షెడ్డు ఉన్నా వెనుదిరగాలి. శిఖం భూమి (చెరువు గర్భంలోని నేల), చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోని భూమి కూడా అంతే. కట్టడానికి అనుమతి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ నుంచో, నగరపాలక సంస్థ నుంచో ఉండాలి. ఉన్న అనుమతి ఇంటికా, గోదాముకా అన్నది చదివి చూడాలి. ఇంటి అనుమతితో కట్టిన గోదాముకు అగ్నిమాపక శాఖ కాగితం రాదు, అది లేకపోతే బీమా క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది.

రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ఆస్తి బ్యాంకులో తాకట్టు ఉన్నదా అని చూడాలి. ఉంటే, లీజుకు అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే లేఖ కావాలి. యజమాని అప్పు కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంటుంది, మీ ర్యాక్‌లు, సరుకు లోపల ఉండగానే గేటుకు తాళం పడుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరి సంతకాలు తీసుకోవాలి.

లీజు రాసుకోవడం

పదకొండు నెలల కాగితం రాసుకుని ఏటా మార్చుకోవడం మన దగ్గర ఆనవాయితీ. ఒక సంవత్సరానికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది గనుక, ఆ ఖర్చు తప్పించుకోవడానికి వచ్చిన పద్ధతి ఇది. చిన్న షట్టరుకు అది సరిపోవచ్చు. ర్యాక్‌ల మీద, కెమెరాల మీద, నేల మరమ్మతు మీద లక్షలు పెట్టే గోదాముకు మాత్రం మూడేళ్ల లీజు రాసి రిజిస్టర్ చేయించడమే సరైనదని నా అభిప్రాయం. రిజిస్టర్ కావలసి ఉండీ కాని పత్రంలోని షరతులను కోర్టులో రుజువుగా నిలపలేరు. "మనం మనం ఒక్కటే కదా సార్, రిజిస్ట్రేషన్ ఎందుకు" అన్న యజమానే, రెండో ఏడు పక్కవాడు ఎక్కువ అద్దె ఇస్తానంటే ఖాళీ చేయమంటాడు.

షరతుల్లో అన్నిటికంటే విలువైనది లాక్-ఇన్. అది యజమానికి మూడేళ్లు, మీకు ఆరు నెలలో ఏడాదో ఉండేలా బేరం చేయాలి; ఆ తరువాత మూడు నెలల నోటీసుతో మీరు ఖాళీ చేయగలగాలి. ఆన్‌లైన్ వ్యాపారంలో ఆర్డర్లు ఒక్క సీజన్‌లో సగానికి పడిపోవచ్చు, గోదాము మాత్రం అలాగే ఉంటుంది. అద్దె పెంపు ఏటా అయిదు శాతమా, మూడేళ్లకు ఒకసారి పదిహేను శాతమా అన్న చర్చ వస్తే, రెండోదే మీకు మేలు: ఏటా అయిదు శాతం చొప్పున మూడు పెంపులకు 15.76 శాతం అవుతుంది, పైగా మొదటి ఏడు దాటగానే చెల్లించడం మొదలవుతుంది. అద్దె లెక్క సంతకం రోజు నుంచి కాకుండా కరెంటు, తలుపులు, చిల్లుల మరమ్మతు పూర్తయి తాళాలు చేతికిచ్చిన రోజు నుంచి మొదలుకావాలి; ర్యాక్‌లు బిగించుకోవడానికి పదిహేను రోజులు అద్దె లేకుండా అడగడం తప్పు కాదు. అడ్వాన్స్ ఎన్ని నెలలది అన్నదానికంటే, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ ఎంత అన్న వాక్యం ముఖ్యం. పైకప్పు, గోడలు, డ్రైనేజీ మరమ్మతు యజమానివి. లోపలి వైరింగ్, ర్యాక్‌లు మీవి. ఆస్తి పన్ను యజమానిదే. వరద వల్లనో, దారి తెగిపోవడం వల్లనో గోదాము వాడలేని రోజులకు అద్దె ఉండదన్న షరతు వరంగల్‌లో అతిశయం అనిపించుకోదు.

పన్నులు, లైసెన్సులు

కొత్త గోదామును జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. మార్పు జరిగిన పదిహేను రోజుల్లో దరఖాస్తు చేయాలి. లీజు పత్రం, కరెంటు బిల్లు లేదా ఆస్తి పన్ను రసీదు సిద్ధంగా ఉంచుకోండి. తెలంగాణలోనే మరో చోట మీ వ్యాపారం రిజిస్టర్ అయి ఉంటే అదే నంబరు చాలు. బెంగళూరు లేదా విజయవాడ కేంద్రంగా ఉన్న వ్యాపారికి తెలంగాణ రిజిస్ట్రేషన్ వేరుగా కావాలి, అక్కడి నుంచి పంపే సొంత సరుకు మీద కూడా పన్ను చూపాలి. ఒకే రిజిస్ట్రేషన్ కింద హైదరాబాద్ నుంచి వరంగల్‌కు సరుకు తెచ్చుకునేటప్పుడు డెలివరీ చలాన్ సరిపోతుంది గాని, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసే పత్రం, తప్పదు. 200 కిలోమీటర్ల లోపు దూరానికి దాని గడువు ఒక్క రోజు.

గోదాము అద్దె మీద జీఎస్టీ 18 శాతం. యజమానికి జీఎస్టీ నంబరు లేకపోతే 2024 అక్టోబర్ 10 నుంచి ఆ పన్నును రివర్స్ ఛార్జ్ కింద, రిజిస్టర్ అయిన అద్దెదారుడే కట్టి, తరువాత క్రెడిట్ తీసుకోవాలి. యజమాని "నాకు జీఎస్టీ లేదు" అన్నంత మాత్రాన పన్ను పోయిందనుకోకూడదు. నెల అద్దె 50,000 రూపాయలు దాటితే టీడీఎస్ (చెల్లింపులోంచే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కూడా కోయాలి: కంపెనీలు, ఆడిట్ పరిధిలోని వ్యాపారులు 10 శాతం, ఆడిట్ లేని వ్యక్తులు 2 శాతం.

నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ వద్ద దుకాణాలు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ మామూలే. తినుబండారాలు ఉంచేవారు ఆ చిరునామాకు వేరుగా ఆహార భద్రతా లైసెన్స్ తీసుకోవాలి. హైదరాబాద్ గోదాముది ఇక్కడికి చెల్లదు. బీమా కూడా ఈ చిరునామా పేరునే ఉండాలి. ఒక చోట ఉన్న ఆస్తి విలువ అయిదు కోట్ల లోపు అయితే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ సరిపోతుంది, అందులో నిప్పుతో పాటు వరద నష్టం కూడా వస్తుంది. భవనం బీమా యజమానిది, సరుకు బీమా మీది.

ఏ సరుకు పెట్టాలి, బండి ఎన్నింటికి కదలాలి

గోదాము తీసుకున్నాక చాలామంది ఉన్న సరుకును రెండు చోట్లకు సగం సగం పంచుతారు. వేగం తగ్గడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. వినియోగదారుడు అడిగిన రెండు వస్తువుల్లో ఒకటి వరంగల్‌లో, ఒకటి హైదరాబాద్‌లో ఉంటే, రెండు పార్సిళ్లకు రెండు ఛార్జీలు కట్టాలి, లేదా రెండోది వచ్చేదాకా మొదటిదాన్ని ఆపాలి. 506, 505 పిన్‌కోడ్ల నుంచి వచ్చే ఆర్డర్లలో తరచుగా కనిపించే వస్తువులను, వాటితో కలిపి కొనే జోడి వస్తువులను మాత్రమే ఇక్కడ ఉంచాలి. నెలకు ఒకటి రెండు పోయే సరుకు హైదరాబాద్‌లోనే ఉండనివ్వాలి. రంగులు, సైజులు ఎక్కువగా ఉండే బట్టల వ్యాపారంలో ఇది మరీ ముఖ్యం. చీరలు ఇక్కడ నిల్వ ఉంచవచ్చు. ఆరు సైజుల్లో, ఎనిమిది రంగుల్లో ఉండే చొక్కాలను ఇక్కడ ఉంచడానికి ముందు రెండుసార్లు ఆలోచించాలి.

వేళల లెక్క వెనుక నుంచి కట్టాలి. కొరియర్ శాఖ నుంచి కరీంనగర్ వైపు లేదా మహబూబాబాద్ వైపు బండి రాత్రి తొమ్మిదికి కదులుతుందనుకుంటే, గోదాము నుంచి పార్సిళ్లు ఏడింటికి బయలుదేరాలి, ప్యాకింగ్ ఆరున్నరకు ముగియాలి, అంటే సాయంత్రం నాలుగు వరకు వచ్చిన ఆర్డర్లకే ఆ రోజు హామీ ఇవ్వగలరు. ఆ సాయంత్రం నాలుగింటి గడువునే వెబ్‌సైట్ మీద రాయాలి. హైదరాబాద్ నుంచి సరుకు తెచ్చే డీసీఎం రాత్రి పదింటికి అక్కడ కదిలితే తెల్లవారేలోపు చేరుతుంది. ఉదయం ఆరింటికి దించి, తొమ్మిదిలోపు అరల్లో సర్దితే పగటి ప్యాకింగ్‌కు అడ్డురాదు. ఎక్కువగా పోయే వస్తువులు ప్యాకింగ్ బల్లకు దగ్గరగా, నడుము ఎత్తులో ఉండాలి. ప్రతి అరకూ ఒక నంబరు ఉండాలి, కొత్తగా చేరిన మనిషి కూడా ఎవరినీ అడగకుండా వస్తువు తీయగలగాలి.

ఇక్కడి క్యాలెండరు కూడా గోడ మీద ఉండాలి. రెండేళ్లకొకసారి మేడారం జాతర సమయంలో ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం దారిలో వాహనాల మళ్లింపులు ఉంటాయి; ఆ వారం ఆ పిన్‌కోడ్లకు వెబ్‌సైట్‌లో అదనపు రోజులు చూపించడం నిజాయితీ. వానాకాలంలో వాగులు పొంగితే ఊళ్లు రోజుల తరబడి అందవు, రైలును నమ్ముకోవడం కూడా కుదరదు: 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి కాజీపేట, విజయవాడ మార్గంలో రైళ్లు నిలిచిపోయాయి. బతుకమ్మ, దసరా అమ్మకాల కోసం గోదాము తీసుకునేవారు జూన్ నెలలోనే తాళాలు చేతికి తీసుకోవాలి. తొలి వానలకు కప్పు ఎక్కడ కారుతుందో తెలుస్తుంది, మనుషులకు చేయి తిరుగుతుంది, రద్దీ వచ్చేసరికి వేళలు కుదురుకుంటాయి.

మూడో నెల చివర మళ్లీ అదే పిన్‌కోడ్ పట్టిక తీసి, ఆర్డరు ఇచ్చిన గంట నుంచి చేతికి అందిన గంట వరకు పట్టిన సమయాన్ని గోదాముకు ముందు, తరువాత అని పక్కపక్కన పెట్టి చూడాలి. సగటును మాత్రమే చూడవద్దు, నూటికి తొంభై పార్సిళ్లు ఎన్ని గంటల్లో చేరాయో చూడండి. 506లో తేడా లేకపోతే లోపం వేళల్లో ఉంది, సరిదిద్దవచ్చు. ఒక్క కరీంనగర్‌లోనే తేడా లేకపోతే లోపం కొరియర్ దారిలో ఉంది, దాన్ని మార్చాలి. రెండింటినీ సరిచేశాక కూడా ఆరో నెలకు ఆర్డరు ఖర్చు మొదట వేసుకున్న అంకెకు దిగకపోతే, లాక్-ఇన్ ముగిసే తేదీ చూసుకుని మూడు నెలల నోటీసు ఇవ్వాలి. ఖాళీ చేసే రోజున మీటరు రీడింగు, గోడలు, నేల ఫోటోలు తీసి, యజమాని సంతకంతో తాళాలు అప్పగించిన రసీదు తీసుకుని, ఆ చిరునామాను జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచి తొలగించమని దరఖాస్తు చేయాలి.